నీలం గీత

మా వైపు మనుషులు ఎవరి పనినీ మొహం మీద బాగోలేదనరు. పెళ్ళిలో సాంబారు ఉప్పు కషాయంగా ఉన్నా, వడ్డించేవాడు అడిగితే "బాగానే ఉందండీ" అని ఇంకో గరిటె పోయించుకుంటారు. తర్వాత ఆ వంటవాణ్ణి మళ్ళీ పిలవరు, అంతే. ఏలూరులో పుట్టి, ఏలూరులో పెరిగి, ఆ మర్యాదలో నానినవాణ్ణి కాబట్టి ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసి కూడా నా దాకా వచ్చేసరికి పోల్చుకోలేకపోయాను. నాకు మొహం మీద నిజం చెప్పే మనిషి లోకం మొత్తం మీద ఒక్కడుండేవాడు. వాణ్ణి నేనే తరిమేసుకున్నాను. అదెలా జరిగిందో చెప్పాలంటే ముందు ప్రొజెక్టర్ల గురించి చెప్పాలి.

రెండువేల సంవత్సరం దాటిన తర్వాతి మాట. ఇంటింటికీ కేబుల్ వచ్చాక ఊళ్ళలో వీడియో హాళ్ళు మూతపడ్డాయి. వాటిలోని పాత ప్రొజెక్టర్లు చర్చిలకూ కల్యాణ మండపాలకూ చేరాయి. ఇప్పటివాళ్ళు అలాంటివి చూసి ఉండరు. ఇద్దరు మనుషులు పట్టుకుంటే గాని కదలని పెట్టె, దాని ముందు వరసగా మూడు పెద్ద అద్దాలు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఒక్కో అద్దం ఒక్కో రంగు బొమ్మను తెర మీదకు పంపుతుంది. మూడు బొమ్మలూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదాని మీద ఒకటి పడితేనే మనిషి మనిషిలా కనిపిస్తాడు. లేకపోతే పెళ్ళికూతురికి మూడు జతల కనుబొమలు వస్తాయి.

ఏ రంగు ఎక్కడ పడాలో, ఎంత వెలగాలో అంకెల్లో గుర్తుపెట్టుకునేది లోపలుండే ఒక చిప్. కరెంటు తీసేసినా మర్చిపోకుండా దానికో చిన్న బ్యాటరీ ఉంటుంది. పదేళ్ళో పన్నెండేళ్ళో గడిచాక ఆ బ్యాటరీ చచ్చిపోతుంది. ఇక మెయిన్ ఆపి మళ్ళీ వేశారంటే మిషనుకు ఏదీ గుర్తుండదు, మూడు రంగులూ మూడు దారులు పడతాయి. కొన్నిటిలో బ్యాటరీ పైకి కనిపిస్తుంది, మార్చడం తేలిక. కొన్నిటిలో చిప్ పొట్టలోనే పెట్టి మూసేసి ఉంటారు. ఆ పొట్టను ఆకురాయితో నెమ్మదిగా అరగదీసి, తీగలు బయటపడ్డాక లోపలిదాన్ని తెంచేసి, బయట రూపాయి బిళ్ళంత కొత్త బ్యాటరీని అతికించాలి. చెయ్యి కాస్త జారిందా చిప్ చెత్తబుట్టకే. మా జిల్లాలో ఈ పని ఓపిగ్గా చేసేవాళ్ళం నాకు తెలిసి ఇద్దరమే. నేను, నా జతగాడు.

వాడిది భీమడోలు. పొద్దున్నే పాసింజరెక్కి ఏలూరు వచ్చేవాడు, పవర్‌పేటలో నా కొట్టు తీసేసరికి అరుగు మీద కూర్చుని ఉండేవాడు. బ్యాటరీ వేయడం ఒక్కడు చేయగల పనే. ఆ తర్వాత రంగులు కలపడానికి మాత్రం ఇద్దరు కావాలి. తెర మీద గళ్ళ బొమ్మ వేసి, ఒకడు మిషను దగ్గర రిమోటు పట్టుకోవాలి, ఇంకొకడు తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడి గీతలు చూడాలి. మిషను దగ్గర నేను, తెర దగ్గర వాడు. "నీలం ఎడమకి. ఇంకొంచెం. ఎక్కువైపోయిందిరా వెధవా, వెనక్కి రా. ఆఁ, అక్కడ చచ్చిపో." ఇదీ వాడి భాష. ఎర్ర గీత, ఆకుపచ్చ గీత, నీలం గీత మూడూ ఒకదాని మీదకు ఒకటి వచ్చి తెల్లగీత అయ్యాక, అంకెలన్నీ ఒక పొడుగు పుస్తకంలో ఎక్కించేవాడు. అవే అంకెలు ఒక కాగితం మీద పెన్సిలుతో రాసి మిషను మూత లోపల అతికించేవాడు. పెన్నుతో రాస్తే కొల్లేటి చెమ్మకు అలుక్కుపోతుందని వాడి భయం.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. వాడి నోటికి ఏ ఊరూ మంచిది కాలేదు. కల్యాణ మండపం యజమానిని పట్టుకుని "ఈ తెర ఉతికి ఎన్నాళ్ళయిందండీ, దీనిమీద దేవేంద్రుడి బొమ్మ వేసినా మసిపాతలానే ఉంటుంది" అనేవాడు. నేను వెనక నిలబడి దండాలు పెడుతూ సర్దుకొచ్చేవాణ్ణి. అయినా వాడు బాగుందన్నాడంటే అది బాగున్నట్టే. వీడియో హాళ్ళ రోజుల నుంచీ పదేళ్ళు ఆ ఒక్క మాట మీదే నా పేరు నిలబడింది. అప్పట్లో అది నా పనితనం అనుకున్నాను.

నేను పెళ్ళి చేసుకోలేదు. దాని వెనక పెద్ద కథేం లేదు, చూద్దాం చూద్దాం అంటూ వయసు దాటిపోయింది. కొట్టు వెనక గదిలోనే నా కాపురం. వాడి ఇంటి నుంచి వచ్చే క్యారేజీలో నా వాటా కూడా ఉండేది. గోంగూర ఉన్న రోజు నాకు చెప్పకుండానే ఎక్కువ పెట్టించుకొచ్చేవాడు.

గొడవ నల్లజర్ల దగ్గర ఒక కల్యాణ మండపంలో జరిగింది. అంతా కలిపేశాం, చివరగా నేను రంగులు చూసుకుంటున్నాను. నాకు నీలం చాలట్లేదనిపించింది, పెంచాను. వాడు వద్దన్నాడు. ఇంకా పెంచాను. వాడు తెర దగ్గర నుంచి నడిచొచ్చి, యజమాని ముందు, ఆయన బావమరిది ముందు, పందిరి వేస్తున్న నలుగురి ముందు అన్నాడు. "నీకు నీలం ఆనట్లేదురా. ఏడాదై చూస్తున్నాను. ముందు కళ్ళు చూపించుకుని తర్వాత రిమోటు పట్టుకో."

కళ్ళమీద బతికేవాణ్ణి పట్టుకుని కళ్ళు లేవంటే ఎలా ఉంటుంది? "తెర దగ్గర నిలబడ్డానికి నువ్వే కావాలేంటి, దిష్టిబొమ్మని పెట్టుకున్నా సరిపోతుంది" అన్నాను. పందిరివాళ్ళు నవ్వారు. వాళ్ళు నవ్వకపోయి ఉంటే ఏమయ్యేదో. పదేళ్ళలో వాడు ఏమీ అనకపోవడం అదే మొదటిసారి. పొడుగు పుస్తకం సంచిలో పెట్టుకుని బస్సు కోసం రోడ్డెక్కాడు. మర్నాడు అరుగు మీద ఎవరూ లేరు. ఆ తర్వాతి రోజూ లేరు. వారం పోయాక వాడే వస్తాడనుకున్నాను. నెల పోయాక నేనెందుకు వెళ్ళాలనుకున్నాను.

ఇద్దరి పని ఒక్కణ్ణే చేయడం మొదలుపెట్టాను. మిషను దగ్గర మీట నొక్కడం, తెర దాకా నడవడం, చూడ్డం, వెనక్కి నడవడం, మళ్ళీ నొక్కడం. ఒక్కో చర్చిలో అలా ఎన్ని వందలసార్లు తిరిగానో లెక్కలేదు. ఖాళీ హాల్లో నా చెప్పుల చప్పుడు నాకే వినిపించేది. ఒక్కోసారి అలవాటు చొప్పున మిషను దగ్గర నిలబడి "ఎలా ఉందిరా?" అని పైకే అనేసేవాణ్ణి. తర్వాత చుట్టూ చూసుకునేవాణ్ణి, ఎవరైనా విన్నారేమోనని.

అప్పుడే మొదలైంది ఆ వింత. నేను బాగుచేసిన మిషన్లు నీలాన్ని మర్చిపోతున్నాయి. రెండు నెలలకో మూడు నెలలకో వెళ్ళి చూస్తే బొమ్మ పచ్చబారి, పాత పెళ్ళిఫొటోలా ఉండేది. బ్యాటరీ సరుకు మంచిది కాదనుకున్నాను. కొట్టు మార్చాను, రకం మార్చాను, విజయవాడ వెళ్ళి తెచ్చాను. అతుకు సరిగ్గా పడలేదేమోనని విప్పి మళ్ళీ అతికించాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆ ఏడాదంతా బ్యాటరీలను తిట్టిపోశాను. వెళ్ళిన ప్రతిచోటా నీలం పెంచి, "ఇప్పుడెలా ఉందండీ?" అని అడిగేవాణ్ణి. "బాగానే ఉందండీ" అనేవారు. కాఫీ ఇచ్చేవారు. రోడ్డు దాకా వచ్చి సాగనంపేవారు.

ఆ తర్వాత పిలవడం మానేశారు. నల్లజర్ల వాళ్ళు పిలవలేదు. అత్తిలి వాళ్ళు పిలవలేదు. అత్తిలి మండపం మేనేజరు బస్టాండులో కనిపిస్తే "మిషను ఎలా ఉందండీ?" అన్నాను. "మీ దయవల్ల బ్రహ్మాండంగా ఉందండీ" అని నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు. విజయవాడ నుంచి వేరే మెకానిక్కును తెచ్చుకున్నారని నాకు చాలాకాలం తర్వాత తెలిసింది. మిషన్లు బాగున్నాయి కాబోలు, అందుకే పిలవట్లేదని నన్ను నేను సముదాయించుకున్నాను. కొట్టు తీసి కూర్చుంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క మనిషితో మాట్లాడని రోజులుండేవి. అలాంటి రోజున హోటల్లో సర్వరు "ఏం కావాలండీ?" అంటే గొంతు సవరించుకోవలసి వచ్చేది.

మిగిలింది కొల్లేటి ఊళ్ళో ఒక చర్చి. అక్కడి మిషనుకు బ్యాటరీ చాలా అవసరం. ఆరాధన అయిపోగానే సంఘపెద్ద మెయిన్ ఆపేస్తాడు, కొల్లేటి గాలికి వైర్లు కలిసి నిప్పు పుడుతుందని. వాళ్ళు పిలవకపోయినా నేనే వెళ్ళేవాణ్ణి, చూసిపోదామని వచ్చానండీ అంటూ. నిజానికి అక్కడికెళ్తే ఎవరో ఒకరు మాట్లాడతారు. పాస్టరుగారు భోజనం చేసి వెళ్ళమంటారు. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్ళు కొట్టేసిన తర్వాతి రోజులవి. ఊళ్ళో ఎవరి దిగుల్లో వాళ్ళున్నారు. అయినా నాకు చేపల పులుసు పెట్టారు.

అంకెలు చూడడం నాకు అలవాటు లేదు. అది వాడి పని. నేను కంటితో చూసి మీట నొక్కేవాణ్ణి. కాని ఈసారి దొంగను పట్టుకుందామని, కొల్లేటి చర్చిలో నీలం పెంచాక తెర మీద అంకె చూసి బస్సు టిక్కెట్టు వెనక రాసుకున్నాను. ఎనభై ఒకటి. టిక్కెట్టు చొక్కా జేబులోనే దాచి, రెండు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళాను. కిటికీలకు టార్పాలిన్లు కట్టించి మిషను వేశాను. నీలం మళ్ళీ వెలిసిపోయింది. దొరికావురా అనుకుంటూ అంకె చూశాను. ఎనభై ఒకటి.

నమ్మలేదు. మీటరు పెట్టి బ్యాటరీ చూశాను, మూడు వోల్టులు, కొత్తదానిలా ఉంది. మెయిన్ ఆపి, వైరు ఊడదీసి, బయటికొచ్చి గట్టు మీద కూర్చున్నాను. ఒకతను బాతుల మందను తోలుకుపోతున్నాడు. అవి కనుమరుగయ్యేదాకా కూర్చుని, లోపలికెళ్ళి మళ్ళీ వేశాను. ఎనభై ఒకటి. చిప్ ఏమీ మర్చిపోలేదు.

అప్పుడు మూత తెరిచి వాడి కాగితం చూశాను. అది మొదటి నుంచీ అక్కడే ఉంది. గొడవయ్యాక ఆ రాత చూస్తే ఒళ్ళు మండేది, అందుకని ఎప్పుడూ చదవలేదు. నీలం వెలుగు, నలభై ఎనిమిది. పెన్సిలు రాత, చెక్కుచెదరలేదు.

చర్చి ఊడ్చే మామ్మగారు చీపురు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి ఉంది. నేను కదలకుండా కూర్చోవడం చూసి దగ్గరికొచ్చింది.

"తప్పుగా అనుకోకండి బాబుగారూ, ఒక మాట చెప్తాను. మీరొచ్చి వెళ్ళినప్పుడల్లా బొమ్మ నీలంగా అయిపోతందండీ. పోయినసారి వీడియోలో పాస్టరమ్మగారి మొహం వంకాయలా కనపడింది. పిల్లలు నవ్వుతుంటే పాస్టరుగారు కోప్పడ్డారు."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"సంఘపెద్దలు వద్దన్నారండీ. అంత దూరం నుంచి వస్తారు, ఒక్కడే మనిషి, మనసు కష్టపెట్టుకుంటాడన్నారు. మాకేంటండీ, నీలంగా ఉన్నా పాట పాటే కదండీ."

ఆమెకు దండం పెట్టాను. ఏలూరు వచ్చేదాకా బస్సులో కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. నేను ఒక్కడినని ఊరూరా తెలుసు. జాలిపడి, కాఫీలిచ్చి, సాగనంపి, ఆపైన నన్ను వదిలేసుకున్నారు. వాళ్ళ మీద కోపం రాలేదంటే అబద్ధం. కాని వాడి మాట గుర్తొచ్చాక ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు.

కంటి డాక్టరు రెండు కళ్ళలోనూ శుక్లాలన్నాడు. నలభై ఏడేళ్ళకే ఏంటండీ అంటే రక్తం పరీక్ష చేయించి, షుగరు కూడా ఉందన్నాడు. శుక్లం పచ్చబారితే ముందు పోయేది నీలమేనట. "ఇంట్లోవాళ్ళెవరూ గమనించలేదా?" అని అడిగాడు. లేదండీ అన్నాను. ముందు కుడికన్ను ఆపరేషనయింది. కట్టు విప్పిన రోజు ఆసుపత్రి మెట్ల మీద నిలబడి ఒక కన్ను మూసి ఒక కన్నుతో చూశాను. ఎడమకంటికి ఆకాశం చల్లారిన టీలా ఉంది. కుడికంటికి నీలంగా ఉంది. ఎంత నీలమంటే, ఇన్నాళ్ళూ ఇది ఉండగానే నేను చూడలేదే అని ఏడుపొచ్చింది. ఎవరికైనా చెబుదామనిపించింది. చెప్పడానికి తాడేపల్లిగూడెంలో ఒక్కడే ఉన్నాడు.

వాడు భీమడోలు వదిలి గూడెం ఉల్లిపాయల మార్కెట్టులో కాటాలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడని విన్నాను. కరెంటు కాటాలు. వాటిలోనూ చిప్పే, బ్యాటరీయే. నేను వెళ్ళేసరికి ఒక కాటా విప్పి ముందేసుకుని ఉన్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"రండి, రండి. కూర్చోండి. ఎండన పడి వచ్చారు. మంచినీళ్ళు తాగుతారా అండీ?"

ఆటపట్టిస్తున్నాడనుకుని నవ్వాను. వాడు నవ్వలేదు. కుర్చీ తుడిచి వేశాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే గాని, దారి పొడుగునా అనుకున్న మాటలు అనేశాను. "నువ్వు చెప్పింది నిజంరా. నాకు నీలం ఆనలేదు. ఆపరేషన్ చేయించుకున్నాను. ఆ రోజు నలుగురి ముందు నేనన్న మాట తప్పు. నన్ను తిట్టు, పడతాను."

"అయ్యో, అవన్నీ ఇప్పుడెందుకండీ. మాటా మాటా అనుకుంటాం, పోతుంటాయి" అన్నాడు. టీ తెప్పించాడు. చుక్కల మందు మానకుండా వేసుకోమన్నాడు. పైనుంచి ఒక పొట్లం దించి దుమ్ము దులిపి నా చేతిలో పెట్టాడు. పొడుగు పుస్తకం. "మీ దగ్గరుంటేనే పనికొస్తుందండీ." అది వద్దని ఎలా చెప్పాలో తెలియక తీసుకున్నాను.

ఒక్కసారి కొల్లేటి చర్చికి వచ్చి నీలం చూసిపెట్టమని అడిగాను. ఒక కంటితో నాకింకా నమ్మకం కుదరలేదన్నాను. "మీరంతలా అడగాలా అండీ" అని ఒప్పుకున్నాడు.

శనివారం పొద్దున్న భీమడోలు స్టేషనులో కలుసుకుని ఆటో ఎక్కాం. దారిలో ఉల్లిపాయల ధర గురించి, వానల గురించి మాట్లాడాడు. గుంతలో ఆటో ఎగిరిపడితే నన్ను పట్టుకుని "జాగ్రత్తండీ" అన్నాడు. పూర్వమైతే డ్రైవరుకు పెళ్ళయ్యేది.

టార్పాలిన్లు కట్టాం. గళ్ళ బొమ్మ వేశాను. వాడి కాగితం చూసి అంకెలన్నీ పెట్టాను. నలభై ఎనిమిది. గీతలన్నీ కలిసి తెల్లగా వచ్చాయి. నాకు స్పష్టంగా కనిపిస్తున్నాయి. వాడు ఇంకా తెర దగ్గరికి నడుస్తున్నాడు. ఏం బుద్ధి పుట్టిందో, రిమోటు మీద కుడి మీట ఆరుసార్లు నొక్కాను. నీలం గీతలు పక్కకు జరిగి, తెల్లగా ఉన్నవన్నీ చీలిపోయాయి. నడుమ వేలెడు సందు. మామ్మగారైనా గుమ్మంలోంచే చెబుతుంది. వాడు తిట్టాలి. గుడ్డి వెధవా అనాలి. ఒక్క తిట్టు తిట్టాడంటే రేపు అరుగు మీద ఉంటాడు. అందుకే చేశాను.

వాడు తన పాత చోటులో నిలబడ్డాడు. తెర మీద వాడి నీడ మూడు రంగుల్లో పడింది. ముక్కు తెరకు ఆనించినంత దగ్గరగా వంగి, నీలం గీతను చూశాడు. పైనుంచి కింది దాకా చూశాడు. చాలాసేపు చూశాడు. వాడికి కనిపించింది. వాడికి కనిపించకపోవడమంటూ ఉండదు.

వెనక్కి తిరిగాడు. "బాగానే ఉందండీ" అన్నాడు.

"నీలం చూడరా. సరిగ్గా చూడు."

"చూశానండీ. బాగానే ఉంది." గడియారం చూసుకుని, మూడింటి పాసింజరు అందుకుంటే చీకటి పడకముందే గూడెంలో ఉంటానన్నాడు. నేను ఆటో దాకా వెళ్ళి సాగనంపాను. ఎక్కాక చేతులు జోడించాడు. నేనూ జోడించాను.

లోపలికొచ్చి ఎడమ మీట ఆరుసార్లు నొక్కాను. ఎలా ఉందో చూడ్డానికి తెర దాకా నడిచి వెళ్ళాను. కలిసింది. మళ్ళీ మిషను దగ్గరికొచ్చి, మూత వేసి, మెయిన్ ఆపేశాను.